తలుపు అవతలి నవ్వు

అది ఉడుత నవ్వే, ఇంకెవరిదీ కాదు, ముందు ముక్కులోంచి బుస్సుమని గాలి వదిలి, ఆపుకోబోయి, ఆపుకోలేక, చివరికి ఎక్కిళ్ళలోకి జారిపోయే నవ్వు, లాంచీ బోల్తా కొట్టిన దగ్గర్నుంచి ఎక్కడా వినబడని నవ్వు, ఇప్పుడు ఆ అద్దం తలుపు అవతల ఎవరికోసమో వినబడింది, పిన్ని చేతిలో టీ కప్పు అలాగే గాల్లో ఉండిపోయింది, సంతోషించాలి కదా, పిల్ల నవ్వింది, ఇన్ని నెలలుగా దీని కోసమే కదా తను పిల్లిమొగ్గలు వేసింది, ఈ వయసులో మంచం మీద కోతిలా గెంతింది, తప్పు తప్పుగా పాటలు పాడింది, నవ్వొచ్చే సినిమాలన్నీ వెతికి వెతికి పెట్టింది, పిల్ల ప్రతిసారీ మర్యాదగా పెదవులు సాగదీసి బాగుంది పిన్నీ అనేది, ఇవాళ నవ్వింది, అయినా గుండెలో చివుక్కుమన్నది సంతోషం కాదని ఆమెకి తెలుస్తూనే ఉంది, చెప్పులో చేరిన గులకరాయిలా అడుగడుక్కీ తెలుస్తోంది, ఎవరు నవ్వించారు, ఏం చేసి నవ్వించారు, ఇంకెవరు, ఆ బొమ్మలక్కే అయి ఉంటుంది.

లాంచీ ప్రమాదంలో బతికి బయటపడ్డ పిల్లల్ని వారానికోసారి ఈ గ్రంథాలయం మేడ మీద హాల్లో చేర్చి బొమ్మలు గీయిస్తున్నారు, నేలంతా ఒకటే పెద్ద కాగితం పరుస్తారు, దాని చుట్టూ పిల్లలు బోర్లా పడుకుని గీసుకుంటారు, వాళ్ళని తీసుకొచ్చిన పెద్దవాళ్ళని మాత్రం బయట వరండాలో చెక్క బెంచీ మీద, చెప్పుల వరస పక్కన, చెప్పులతో పాటే వదిలేస్తారు, అంతకన్నా ఎక్కువ మర్యాదేమీ లేదు, బొమ్మలక్క అన్నది పిల్లలు పెట్టిన పేరు, పిన్నికంటే నాలుగైదేళ్ళు చిన్నదే ఉంటుంది, ఎవరిదో మగవాళ్ళ చొక్కా తొడుక్కుని మోచేతుల దాకా మడుస్తుంది, చొక్కా నిండా రంగుల మరకలు, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని మరిచిపోయి నా పెన్సిలేదర్రా అని హాలంతా తిరుగుతుంది, పోనీ గొప్పగా గీస్తుందా అంటే అదీ లేదు, పిన్నికి అన్నిటికన్నా కంటగింపు అదే, గుర్రాన్ని గీస్తే ముక్కాలిపీటకి తోక మొలిచినట్టుంటుంది, పక్షిని గీస్తే చెప్పు ఎగిరినట్టుంటుంది, ఆ మాత్రం తనకీ వచ్చు, తను గీస్తే పిల్ల నవ్వదు, ఆవిడ పీటగుర్రాన్ని చూసి ఎక్కిళ్ళొచ్చేలా నవ్వింది, కన్నుకుట్టు అంటే ఇదే కాబోలు, నిజంగానే కంట్లో సూదితో కుట్టినట్టుంటుందని ఎవరూ చెప్పలేదు, కళ్ళజోళ్ళ దుకాణంలో పదేళ్ళుగా పనిచేస్తోంది, దీనికి ఏ నంబరు అద్దం ఇస్తారో ఆమెకి తెలియదు.

అక్క ఆ రోజు ఫోన్ చేసి రమ్మంది, లాంచీలో ఏటి మధ్య లంకదాకా వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం, రావే, ఒక్కరోజు నువ్వు లేకపోతే ఊళ్ళో అందరి చూపూ పోదులే అంది, దుకాణంలో ఆ రోజు పని ఎక్కువ, తను రానంది, నీ ఖర్మ అని అక్క నవ్వింది, వెనక నుంచి ఉడుత పిన్నీ నీ వంతు బిస్కెట్లు నేనే తినేస్తా అని అరిచింది, అంతే, పక్షుల గుంపేదో ఒక్కసారిగా లేచిందట, చూద్దామని అందరూ ఒకవైపుకి జరిగారట, లాంచీ పక్కకి ఒరిగి మరి లేవలేదట, పక్కన వేలాడే పాత టైరుని పట్టుకుని వేలాడిన పిల్ల దొరికింది, అక్క మర్నాడు దొరికింది, ఆసుపత్రిలో పిన్ని పరుగెత్తుకుంటూ లోపలికెళ్తే పిల్ల ఆమెని చూసింది, చూసి, ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూసింది, వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని, ఆ చూపు పిన్నికి ఇప్పటికీ దిగలేదు, అప్పుడు తలుపు మూసుకుంది, ఇంకెవరూ రాలేదు, పిల్ల తండ్రి ఏనాడో వేరే కాపురం పెట్టుకుని ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా తెలియకుండా పోయినవాడు, ఇక మిగిలింది పిన్నే, వచ్చేసెయ్ తల్లీ మనింటికి అంది, అలాగే పిన్నీ అంది పిల్ల.

ఆ అలాగే పిన్నీ తోనే చచ్చిపోతోంది ఆమె, లేస్తావా అంటే అలాగే పిన్నీ, తింటావా అంటే అలాగే పిన్నీ, చాలా, ఇంకాస్త పెట్టనా అంటే ఏదైనా పర్లేదు పిన్నీ, ఫ్రిజ్ తెరవడానికి అనుమతి అడుగుతుంది, గ్లాసు కడిగి బోర్లిస్తుంది, ఇదివరకు ఇదే ఇంటికి సెలవలకొస్తే సోఫా ఎక్కి కిటికీకి, కిటికీ నుంచి బల్లకి దూకుతూ అల్మారా తలుపు ఒకటి ఊడబెరికిన పిల్ల, అందుకే అక్క దానికి ఉడుత అని పేరు పెట్టింది, ఆ తలుపు ఇప్పటికీ సరిగ్గా మూసుకోదు, ఇప్పుడు దాని పక్కనుంచి చుట్టంలా ఒదిగి ఒదిగి నడుస్తుంది, పొద్దున పిన్ని లేచేసరికి దుప్పటి బకెట్లో నానుతూ ఉంటుంది, పక్క తడిసిందని చెప్పదు, పిలవదు, ఏడవదు, తనే తీసి తనే నానబెట్టి, ఆరిన గౌను వేసుకుని, బల్ల దగ్గర చేతులు కట్టుకు కూర్చుని ఉంటుంది, పిన్నీ సబ్బు కొంచెం ఎక్కువ పడింది అని మాత్రం చెప్తుంది, చెయ్యెత్తి కొట్టినా అంత నొప్పిగా ఉండదు, నేను ఉతుకుతాను కదరా అంటే అలాగే పిన్నీ, మర్నాడు మళ్ళీ బకెట్టు.

రంగుల పెట్టె కొన్నది, అంగట్లో అన్నిటికన్నా పెద్దది, మూడు అరలు తెరుచుకునేది, ఒక నీలంలోనే ఎన్ని నీలాలో, తెల్ల కాగితాలు కట్ట కొన్నది, బల్ల కిటికీ దగ్గరికి జరిపింది, గీసుకో తల్లీ అంటే పిల్ల పెట్టెని రెండు చేతులతో తడిమి, చాలా బాగుంది పిన్నీ, కానీ ఇంట్లో వద్దు, అక్కడ గీస్తా అంది, పెట్టె ఇప్పటికీ అలాగే ఉంది, ఏ క్రేయాను కొసా అరగలేదు, ఇక్కడ మాత్రం ఈ హాల్లో నలుపు క్రేయాన్లు వచ్చిన వారమే అయిపోతాయి, బొమ్మలక్క సంచీలో నల్ల ముక్కలతో విడిగా ఒక డబ్బా ఉంటుంది, ఆ గోరంత ముక్కల కోసం పిల్లలు కొట్టుకుంటారు, ఇంట్లో అంత పెట్టె పెట్టుకుని ఇక్కడ గోరంత ముక్కల కోసం ఎగబడటమేమిటి, పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే మరి, ఒకసారి ఉండబట్టలేక మెట్ల దగ్గర ఆపి అడిగింది కూడా, మా పిల్ల ఏం గీస్తోందండీ, ఆవిడ జుట్టులో పెన్సిలు వెతుక్కుంటూ, దాన్నే అడగండి, అడగడం కన్నా చెప్పేదాకా ఆగితే ఇంకా మంచిది అంది, మీకు చెప్తుందా అంది పిన్ని, నేను అడగనండీ, పక్కన కూర్చుని నాదేదో గీసుకుంటాను, ఎప్పుడైనా దానంతటదే చెప్తుంది అంది ఆవిడ, ఎప్పుడైనా చెప్తుందంటే ఇప్పటికే చెప్పిందన్నమాట, ఏం చెప్పింది, దుప్పట్లు తను, జ్వరాలు తను, బడిలో సంతకాలు తను, ఎక్కడైనా గట్టిగా నీళ్ళ చప్పుడైతే చెవులు మూసుకునే పిల్లని వీపు మీద మోసుకుని వీధి దాటించేది తను, మాటలు మాత్రం ఆవిడకి, సరేనండీ అని మెట్లు దిగింది, మింగలేక కక్కలేక ఇంటిదాకా నడిచింది, పక్కన పిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తూనే ఉంది, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు.

దుకాణంలో రోజంతా ఇదే పని కదా, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి అడగడం, ఇది బాగుందా, ఇది బాగుందా, మొదటిదా, రెండోదా, నిన్న ఒక ముసలావిడ రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా అంటే తనకి ఎందుకో ఒళ్ళు మండింది, సరిగ్గా చూసి చెప్పండి, రెండూ ఒకటెలా అవుతాయి అని కసిరింది, యజమాని వెనక్కి తిరిగి చూశాడు, ఏమ్మా ఒంట్లో బాగాలేదా అన్నాడు, ఒంట్లో బాగానే ఉంది, ఆ బొమ్మలక్కకి పిల్లలున్నారా, పెళ్ళయిందా, ఇంటికెళ్ళి ఏం చేస్తుంది, వారానికి ఒక పూట నవ్వులాడి వెళ్ళిపోయేవాళ్ళు అందరికీ ముద్దే, మిగతా పూటలన్నీ ఉండేవాళ్ళే చేదు, ఇంతలో వరండాలో తాత వచ్చి పక్కన కూర్చున్నాడు, బెంచీ కిర్రుమంది.

తాత అంటే గుండు వాళ్ళ తాత, ఆ మనవడికి గుండు చేయించిన రోజే పిల్లలందరూ ఆ పేరు ఖాయం చేసేశారు, ఇప్పుడు జుట్టు పెరిగి చెవుల మీద పడుతున్నా గుండు గుండే, ఆ లాంచీలో తాతకి కొడుకూ కోడలూ ఇద్దరూ పోయారు, అమ్మాయ్, విన్నావా, మావాడు ఇవాళ లాంచీకి చక్రాలు పెడుతున్నాడట, ఇక మునగదట, నీళ్ళడుగున రోడ్డు మీద బస్సులా పోతుందట, ఇన్నాళ్ళూ తలకిందులు లాంచీ తప్ప గీయలేదు ముండావెధవ అని బోసినోటితో మురిసిపోతున్నాడు, ఎవరికి చూపించాడు తాతగారూ, మీకు చూపించాడా అంది, నాకెందుకు చూపిస్తాడమ్మాయ్, ఆ బొమ్మలమ్మాయికి చూపించాడు, ఆవిడ తలుపు దగ్గరికొచ్చినప్పుడు వాడే నాకు అరిచి చెప్పాడు, అయితేనేం అన్నాడు, మీకు బాధగా ఉండదా అంది పిన్ని, నాకా, తాత ఆమె మొహంలోకి చూశాడు, మా ఇంట్లో నీళ్ళ కుండ నింపితే చాలమ్మాయ్, ఏ బావిలోంచి తెచ్చారని అడుగుతానా, అంత తేలికగా అన్నాడు, ఆ తేలికతనం చూసి కూడా ఓర్వలేకపోయింది పిన్ని, ఈయనకి ఏడుపూ వస్తుంది, నవ్వూ వస్తుంది, ఆకలీ వేస్తుంది, వచ్చే వారం నుంచి మేం రాం తాతగారూ, బడి చదువు వెనకబడుతోంది అని నోట్లోంచి వచ్చేసింది, అనుకోకుండానే వచ్చింది, వచ్చాక గట్టిపడింది, అవును, రారు, చాలు ఈ బొమ్మలు, పిల్ల అడిగిందా అన్నాడు తాత, లేదు, నువ్వు అడిగావా, లేదు, మరి కళ్ళెందుకు అలా ఎర్రబడ్డాయి, దుమ్ము తాతగారూ, ఈ వరండా ఊడ్చి ఎన్నాళ్ళయిందో.

ఇది కొత్త రోగం కాదు, చిన్నప్పటి నుంచీ ఉన్నదే, అక్క ఉన్న గదిలో తను ఎప్పుడూ రెండో మనిషే, అక్క నోరు విప్పితే అందరూ నవ్వేవారు, తను అదే మాట అంటే ఏమిటే గొణుగుతావు అనేవారు, అక్క పాత గౌన్లు, అక్క పాత పుస్తకాలు, అట్టల మీద అక్క పేరు కొట్టేసి కింద తన పేరు, అక్క పాత సైకిలు, గొలుసు ఊడిపోయేది, అక్క తొక్కితే ఊడేది కాదు, ఒకసారి అక్క జ్వరంతో పడుకుంటే ఇక ఇది లేవకపోతే బాగుణ్ణని ఒక్క క్షణం, ఛీ, ఎనిమిదేళ్ళప్పుడు, ఎనిమిదేళ్ళ పిల్ల ఏమనుకుంటే మాత్రం ఏముంది, ఉడుతకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు, అక్క నుంచి దిగివచ్చిన వాటిలో తను నిజంగా కోరుకున్నది ఈ పిల్లనొక్కదాన్నే, ఇదే సరిపోవడం లేదు, మిగతావన్నీ భుజాల దగ్గర వదులైనా, పొట్టయినా, పిన్నీసు పెట్టుకుని నెట్టుకొచ్చింది, దీనికి పిన్నీసు ఎక్కడ పెట్టాలి, బతికున్నప్పుడు అక్కతో పోటీపడి ఎప్పుడూ ఓడిపోయింది, పోయాక ఇక పోటీ ఉండదనుకుంది, ఎవరో మగవాళ్ళ చొక్కా వేసుకుని అక్క మళ్ళీ వచ్చి హాల్లో కూర్చుంది, అందర్నీ నవ్విస్తోంది, తను మళ్ళీ బయట.

తలుపు అద్దానికి లోపల నుంచి పాలరంగు కాగితం అంటించారు, కింద మూల కొంచెం లేచింది, పోయినవారమే చూసి పెట్టుకుంది, ఇప్పుడు చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగింది, తాత అటు తిరిగి దగ్గాడు, మంచి మనిషి, ఆ లేచిన మూలలోంచి ముందు పాదాలు కనిపించాయి, పిల్లల మురికి పాదాలు గాలిలో ఊగుతూ, తర్వాత కాగితం, ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే ఏరు, అందరూ కలిసి గీసినట్టున్నారు, ఒకరి దగ్గర పచ్చగా, ఒకరి దగ్గర ఎర్రగా, ఒక చోట పూర్తిగా నలుపు, నలుపు మీద మళ్ళీ నలుపు, ఉడుత ఎక్కడ, అదిగో, రెండు జడల్లో ఒకటి ఊడిపోయి, నాలుక బయటపెట్టి గీస్తోంది, అక్క కూడా సూదిలో దారం ఎక్కించేటప్పుడు నాలుక అలాగే, ఏం గీస్తోంది, ఏటి మధ్యలో ఒక మనిషి, ఆడమనిషి, ఒక చేత్తో చిన్న పిల్లని పట్టుకుని ఉంది, ఎవరది, తనే కావచ్చు కదా, కావచ్చు, పిల్ల నారింజ రంగు తీసుకుని ఆ మనిషి చొక్కా మీద చుక్క పెట్టింది, ఆకుపచ్చ చుక్క, నీలం చుక్క, తర్వాత ఊదా రంగుతో ఆ మనిషి తలలో అడ్డంగా ఒక పుల్ల గుచ్చింది, పెన్సిలు, ఇక చెప్పేదేముంది, మునిగే పిల్ల చెయ్యి పట్టుకున్నది బొమ్మలక్క, మరకల చొక్కా బొమ్మలక్క, లోపలికి దూసుకెళ్ళి పిల్లని రెక్క పట్టుకుని లాక్కొచ్చేయాలి, ఇంటికి తీసుకెళ్ళి ఆ మూడరల పెట్టె ముందు కూర్చోబెట్టి గీయి, నన్ను గీయి, నన్నెందుకు గీయవు అని అడగాలి, అడుగుతుందా, ఎనిమిదేళ్ళ పిల్లనా, అడిగేస్తుందేమో, అంత దాకా వచ్చింది, అప్పుడే తలుపు తెరుచుకుంది, వంగి ఉన్న పిన్ని నుదుటికి తగలబోయి ఆగింది.

అయ్యో, తగిలిందా అండీ, బొమ్మలక్క, దగ్గరనుంచి మైనం వాసన, ఇవాళ పిల్లలు మిమ్మల్ని కూడా పిలుస్తామంటున్నారు, రండి, చెప్పులు ఇక్కడే, ఫోన్లు ఇక్కడే, ప్రశ్నలు కూడా ఇక్కడే వదిలేయండి, తాత అప్పటికే లోపలికి పోయాడు, బెంచీ మీది మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ లేచారు, పిన్ని అందరికన్నా వెనక వెళ్ళింది, లోపల గుండు బల్లెక్కి నిలబడి పెద్దమనిషిలా రూల్సు చెప్తున్నాడు, ఎవరి బొమ్మ మీదా అడక్కుండా గీయకూడదు, ఇదేంటి అదేంటి అని అడగకూడదు, ఎవరిదీ బాగాలేదు అనకూడదు, బొమ్మలక్క గుర్రాన్ని మాత్రం అనొచ్చు, పిల్లలంతా ఘొల్లున నవ్వారు, బొమ్మలక్క తల వంచి దణ్ణం పెట్టింది, ఉడుత పక్కకి జరిగి, ఇక్కడ కూర్చో పిన్నీ, ఇక్కడ ఖాళీ ఉంది అంది, పెద్దవాళ్ళు నేల మీద కూలబడుతుంటే మోకాళ్ళన్నీ పటపటమన్నాయి, పిన్ని ఆ మరకల చొక్కా మనిషి బొమ్మకి మూరెడు దూరంలో కూర్చుంది, చూడకూడదనుకుంది, చూసింది, అడగకూడదు, గుండు చెప్పాడు, అడగకూడదు, నన్నెందుకు గీయలేదురా అని అడిగేసింది, గొంతు తనది కాదు, చాక్లెట్టు దక్కని పిల్లది.

ఉడుత తలెత్తి చూసింది, తెలియక అడిగింది పాపం అన్నట్టు చూసింది, నిన్నెందుకు గీస్తా పిన్నీ, ఇది ఏరు కదా, ఇందులో పడిపోతారు, బొమ్మలక్కకి ఈతొచ్చు, అడిగా, వచ్చంది, అందుకని వేశా, మరి నేను అంది పిన్ని, నువ్వు ఇంట్లో ఉన్నావు, నువ్వు కూడా ఇందులో పడితే నేను ఇంటికెళ్తే ఎవరుంటారు, అంతే అని మళ్ళీ నాలుక బయటపెట్టి చుక్కలు పెట్టుకోవడంలో పడింది, అది ఓదార్పు మాట కాదు, ఏరు ఇక్కడుంది, ఇల్లు అక్కడుంది అని దారి చెప్పినట్టు చెప్పింది, ఏదో ఒకటి చెయ్యాలి కదా అని పిన్ని నల్ల ముక్కల డబ్బాలో చెయ్యి పెట్టింది, చేతికి దొరికిన ముక్కతో తన ముందున్న ఖాళీలో ఒక గీత గీసింది, ఊరికే, గీత పక్కకి ఒరిగింది, దాన్ని నిలబెడదామని ఇంకో గీత, అదీ ఒరిగింది, లాంచీ, ఎవరు గీయమన్నారు లాంచీ, తనేమీ చూడలేదే, తను ఆ పూట చల్లటి దుకాణంలో ఎవరి ముక్కు మీదో జోడు సరిచేస్తూ ఉంది, ఇది బాగుందా, ఇది బాగుందా, చెయ్యి ఆగడం లేదు, అడ్డంగా, నిలువుగా, నలుపు మీద నలుపు, రావే అంది అక్క, ఒక్కరోజు నువ్వు లేకపోతే, పంటి బిగువున ఒత్తి ఒత్తి గీస్తోంది, వేళ్ళు తెల్లబడుతున్నాయి, ముక్క విరిగింది, విరిగిన కొసతోనే గీసింది, కాగితం పర్రుమని చిరిగింది.

హాలంతా వినబడినట్టనిపించింది, అందరూ కలిసి గీసుకున్న ఏరు, తనొచ్చి చించేసింది, పెద్దముండ, ఏమంటుంది ఇప్పుడు బొమ్మలక్క, ఆవిడ అటు తిరిగి తాతకి ఎరుపు అందిస్తోంది, ఉడుతే పాకుతూ దగ్గరికొచ్చింది, చిరుగుని చూసి, పర్లేదు పిన్నీ, ఇక్కడ ఒత్తి గీయొచ్చు, చిరిగితే టేపుంది, అందరివీ చిరిగాయి అంది, కాగితం అంచు ఎత్తి చూపించింది, అడుగున నిజంగానే ఎక్కడ చూసినా టేపు పట్టీలు, దెబ్బలకి వేసిన కట్లలా, ఇది నాది, ఇది గుండుది, ఇది మళ్ళీ నాది, లేచి వెళ్ళి టేపు తెచ్చి పళ్ళతో కొరికింది, పిన్ని గీసిన దాని వెనకాల జాగ్రత్తగా అంటించి అరచేత్తో రుద్దింది, ఇంట్లో గీస్తే చిరిగిపోతుందనా గీయవు అంది పిన్ని మెల్లగా, ఉడుత రుద్దుతూనే, నువ్వు చూస్తావని అంది, చూస్తే ఏమవుతుంది అని అడిగింది పిన్ని, నువ్వు ఏడవ్వు కదా పిన్నీ, ఎప్పుడూ ఏడవ్వు, అందుకని అంది, ఈసారి పిన్ని మొహం వైపు చూడలేదు.

ఏడవదు, నిజమే, ఒక్కసారీ ఏడవలేదు, వచ్చిన వాళ్ళందరూ గుమ్మంలోనే చెవిలో చెప్పారు, నువ్వు గుండె రాయి చేసుకో, నువ్వు కన్నీళ్ళు పెడితే పిల్ల బెంగటిల్లిపోతుంది, పిల్లకి తల్లి పోయింది పాపం, పిల్లకి తల్లి పోయింది, ఎవరి నోట విన్నా ఆ ఒక్క మాటే, తనూ అదే అంది, దుకాణంలో, బడిలో, ఆసుపత్రిలో, మా పిల్లకి తల్లి పోయిందండీ అని, కళ్ళు పరీక్షించే చీకటి గదిలో తలుపేసుకుని ఒంటరిగా నిలబడి కూడా ఏడవలేదు, రాయి అంటే రాయే, ఆ రాయి దగ్గర ఎనిమిదేళ్ళ పిల్ల ఏడవలేక తడి దుప్పటి బకెట్లో నానబెట్టుకుంది, ఏడవడానికి వారం వారం ఈ మేడ మెట్లెక్కింది, ఏడ్చి, చించి, అతికించుకుని, ఇవాళ నవ్వింది, ఆ నవ్వు ఎవరూ తన చేతిలోంచి లాక్కున్నది కాదు, పిన్ని ఎదురుగా మరకల చొక్కా మనిషిని చూసింది, కంట్లో సూది అలాగే ఉంది కానీ అది ఆవిడ వైపు చూపించడం లేదు, ఎప్పుడూ చూపించలేదేమో, వరండాలో కూర్చుని ఇన్ని వారాలుగా తను అంతగా కుళ్ళుకున్నది ఆవిడ మీద కాదు, ఈ పిల్లల మీద, నేల మీద బోర్లా పడుకుని నలుపు ఒత్తి ఒత్తి గీయగలిగే వీళ్ళ మీద, ఉడుత మీద, అమ్మ పోయిందని ఏడవడానికి దానికి లోకం అంత కాగితం పరిచింది కదా అని, నాకో ముక్కయినా పెట్టలేదే అని, ఉడుత డబ్బాలో వెతికి ఉన్న వాటిలో కాస్త పొడుగ్గా ఉన్న ముక్క ఏరి పిన్ని చేతిలో పెట్టింది, ఇంకా ఖాళీ ఉంది పిన్నీ అంది, పిన్ని ఒరిగిపోయిన ఆ లాంచీ పక్కన, నీళ్ళలో, పొడుగు చేతులతో, పెద్ద నవ్వు నోటితో ఒక మనిషిని గీయడం మొదలుపెట్టింది, గీత కనబడటం లేదు, కళ్ళు నిండి అంతా అలుక్కుపోయింది, కారనిచ్చింది, పిల్ల చూస్తుండగానే కారనిచ్చింది, ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్ళూ, తను కూడా తనకి చెప్పుకోలేదు, ఉడుతకి అమ్మ పోయింది, తనకి అక్క పోయింది.